నేను కట్టించిన ఫ్లెక్సీ

సిరిసిల్లలో మా గల్లీలో ఒక అక్క ఉండేది. మరమగ్గం నడిపే భర్త చనిపోయాక, ఇంటింటా బియ్యం అడిగి తెచ్చి, తన ముందుగదిలో రోజూ మధ్యాహ్నం దిక్కులేని ముసలివాళ్లకు వండిపెట్టేది. అలాంటి పనులకు ఒక సంస్థ చిన్న గ్రాంట్లు ఇస్తోందని నాకు తెలిసింది. దానికి రిజిస్ట్రేషన్ కావాలి. ఆమెకు లేదు. వినాయక చవితి తప్ప వేరే పని లేని మా యువజన సంఘానికి ఉంది. మా పేరున దరఖాస్తు పెడదామన్నాను.

"ఎవల పేరైతేంది తమ్మీ, ముసలోళ్లకు బువ్వ దొరికితే సాలు," అన్నది.

సంస్థవాళ్లు చూడటానికి వచ్చిన రోజు ఆ గదికి మా సంఘం ఫ్లెక్సీ కట్టించాను. అందులో నా ఫొటో ఉంది, ఆమెది లేదు. వడ్డిస్తున్న ఆమెను చూసి ఎవరని అడిగారు. నిజం చెబితే గ్రాంటు రాదని భయపడ్డాను. వాళ్లు నన్ను అధ్యక్షుడుగారూ అని పిలవడం కూడా నచ్చింది.

"మా వంటమనిషి," అన్నాను.

ఆమె వడ్డన ఆపలేదు. వాళ్లు వెళ్లాకే మాట్లాడింది.

"జీతమెప్పుడిస్తవ్ అధ్యక్షా? నా ఇంట్లనే నన్ను పనిమనిషిని జేస్తివి. సొంత తమ్మునిలెక్క నమ్మిన గదరా!"

గ్రాంటు మా సంఘానికి వచ్చింది. గల్లీకి దూరంగా ఉన్న మా సంఘం ఆఫీసులో వండించాం కానీ ముసలివాళ్లు అంతదూరం నడవలేకపోయారు. "మీకు గ్రాంటొచ్చిందట గద," అంటూ ఇళ్లవాళ్లు ఆమెకు బియ్యం ఇవ్వడం మానేశారు. నెల తిరక్కుండానే ఆమె వండటం ఆగిపోయింది.

ఎందుకని అడిగినవాళ్లకు, ఆమెకు కోపమెక్కువని చెప్పాను. నా గురించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందుకే నేనే రాస్తున్నాను.