అమ్మ చెప్పిన గాలి, డాక్టరు విన్న గాలి

మొన్న ఉదయం తమ్ముడూ నేనూ కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, రోడ్డు మలుపులో ఒక ఆటో అతనూ స్కూటరు అతనూ బళ్లు తగిలించుకుని, "గాలీ మత్ దే భాయ్, గాలీ మత్ దే" అని ఒకరి మీదికి ఒకరు పోతున్నారు. తిట్టొద్దు అని దాని అర్థం. జనం విడదీసే తొందరలో ఉంటే, తలలు నెరిసిన మేమిద్దరం సంచులు పట్టుకుని నిలబడి ఒకర్నొకరు చూసుకుని పకపకా నవ్వేశాం. ఆ నవ్వు వెనక ఉన్నది చెప్పుకుంటే మా ఈడు వాళ్లకే బాగా అర్థమవుతుంది.

నాన్న రైల్వేలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. రాయపూర్ కొత్తగా రాజధాని అయిన రోజుల్లో నాకు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది, ఇంట్లో ఆఖరివాడైన తమ్ముడు డిగ్రీ ముగించి రైల్వే పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఇంటిల్లిపాదినీ నవ్వించే పిల్లవాడు మెల్లగా మాటలు తగ్గించాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు, మళ్లీ రేడియో మాత్రం గోడలు అదిరేలా పెట్టేవాడు, ఇదెక్కడి విడ్డూరమో మాకు అంతుపట్టేది కాదు. కంచం ముందు కూర్చుని ఎవరో పిలిచినట్టు లేచిపోయేవాడు. చూస్తుండగానే చిక్కి సగమైపోయాడు, ఈ పిల్లవాడు మాకు దక్కుతాడా అని నాకు భయం పట్టుకుంది.

అమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు. మిట్టమధ్యాహ్నం అభన్‌పూర్ రోడ్డులో ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు కనుక అక్కడే గాలి సోకిందని తేల్చేసింది. మన వైపు గాలి సోకడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అభన్‌పూర్ దాటాక ఒక పల్లెలో బైగా, అంటే ఇక్కడి వాళ్ల మంత్రగాడు, ఉన్నాడని తెలిసి తీసుకెళ్లి చేతికి నల్లతాడు కట్టించింది. తాడు కట్టించుకున్నాడు గాని చెవుల్లో దూది తీయలేదు.

ఆఫీసులో నా పక్క కుర్చీలో ఒక ఛత్తీస్‌గఢీ దీదీ ఉండేది. ఒకనాడు నేను టిఫిన్ డబ్బా తెరిచి ముద్ద మింగలేక ఏడుస్తుంటే, తన మరిదికీ ఇలాగే అయిందనీ, ఇది తలకు వచ్చే జబ్బనీ, మందులున్నాయనీ చెప్పి, డాక్టరు ఉండే ఆసుపత్రి ఎక్కడో కూడా చెప్పింది. ఇంట్లో ఆ మాట ఎత్తగానే నాన్న మండిపడ్డారు, పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారని తెలిస్తే కాలనీలో తలెత్తుకోలేమన్నారు. అదీ నిజమే, ఆ రోజులు అలాంటివి. చివరికి కళ్ల డాక్టరు దగ్గరికని ఇరుగుపొరుగుకు చెప్పి, అమ్మా నేనూ వాణ్ని ఆటోలో ఎక్కించుకున్నాం.

డాక్టరుగారు మెత్తని మనిషి. ఏమేమి అడిగినా తమ్ముడు తల ఎత్తలేదు. బడిలో నేర్చుకున్న మంచి హిందీలో నేనే నిద్ర లేదనీ, తిండి లేదనీ చెబుతున్నాను, ఆయన రాసుకుంటున్నారు. అసలు సంగతి నేను దాస్తున్నానని అమ్మకు అనిపించింది కాబోలు, కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. రాయపూర్‌లో అన్నేళ్లున్నా అమ్మ హిందీ కూరలబండి దాటి పోలేదు. ఫ్యాను గాలిని హవా అనాలని ఆమెకు తెలుసు, కానీ ఈ గాలి వేరు కదా, దీనికి ఇంకే పేరుంటుందనుకుంది.

"డాక్టర్ సాబ్, బచ్చే కో గాలీ లగా. రస్తే మే గాలీ లగా," అంది, పిల్లవాడికి దారిలో గాలి సోకిందని చెబుతున్నాననుకుని.

డాక్టరుగారి కలం ఆగింది. మా భాషలో గాలి అంటే వేరండీ అని చెప్పబోయి సిగ్గుతో ఆగిపోయాను. ఆయన నా వైపు చూడనేలేదు. కుర్చీ తమ్ముడి దగ్గరికి జరుపుకుని, "కౌన్ గాలీ దేతా హై, బేటా?" అన్నారు, నిన్నెవరు తిడుతున్నారు నాయనా అని.

తమ్ముడు తల ఎత్తాడు. ఇద్దరు మనుషులు గోడ అవతల నుంచి రోజంతా తిడుతున్నారని, ఒకడు హిందీలో, ఒకడు తెలుగులో అని, అమ్మను కూడా వదలడం లేదని, అది అమ్మ చెవిన పడకూడదనే రేడియో గట్టిగా పెడుతున్నానని చెప్పి, పసివాడిలా ఏడ్చాడు. ఇంట్లో ఇంతమందిమి ఉండి, ఏమైందిరా అని అడిగినవాళ్లమే గాని, ఎవరేమన్నార్రా అని ఒక్కరమూ అడగలేదు.

నీకు వినబడుతున్నది నిజంగానే వినబడుతోంది, నువ్వు అబద్ధం చెప్పడం లేదు, కానీ అది జబ్బు చేసే పని, మందు ఉంది అన్నారు డాక్టరుగారు. తాడు తీసెయ్యాలా అని అమ్మ సైగతో అడిగితే, చేతికి తాడు ఉండనీండి, కడుపులోకి మాత్ర మాత్రం మానకండి అని నవ్వారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, అమ్మ చెప్పిందీ గాలే, డాక్టరు విన్నదీ గాలే. "గాలి అనగానే పట్టేసినాడమ్మా, చదువుకున్నోడంటే ఆడు. మీకు తెల్దు గాని ఆడికి తెల్దా ఏటి?" అని అమ్మ తాను పోయేదాకా చెప్పుకుంది. ఆ పొరపాటు దిద్దడానికి నాకెప్పుడూ మనసొప్పలేదు.

ఒక్కరోజులో తగ్గిందనుకునేరు. మొదటి మాత్రలకు పొద్దస్తమానం మత్తు, చేతుల వణుకు. మందు మార్చారు, మోతాదు మార్చారు. నయమైందని వాడే మానేస్తే మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ వెళ్లాం. అన్నం తిన్నాక అమ్మ "గాలి మాత్ర" అని చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు వింతగా ఉంది. రేడియో సన్నగా పాడుతోంది. పక్కన కూర్చున్న తమ్ముడు, ఇవాళ వాళ్లేమీ అనలేదక్కా అన్నాడు. కళ్ల డాక్టరు పేరు తప్ప వేరే పేరు పలకని నాన్న, మొహం తుడుచుకునే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు వాడు ఒక ఇనుము వ్యాపారి గోడౌనులో సరుకు చూసుకుంటాడు, మాత్ర వేసుకుంటాడు, నాతో బజారుకి వస్తాడు. ఊళ్లో మనసు డాక్టర్ల బోర్డులు పెద్ద పెద్ద అక్షరాలతో కనిపిస్తున్నాయి, కళ్ల డాక్టరని బొంకే అవసరం చాలా ఇళ్లలో తప్పింది. మా ఇంటి పిల్లలకు జబ్బుల పేర్లన్నీ ఇంగ్లీషులో తెలుసు, గాలి అంటే వాళ్లకు తిట్టు ఒక్కటే. మంచిదే. కాకపోతే అమ్మ మాట అమ్మతోనే పోయింది.

మొన్న నవ్వు ఆగాక తమ్ముడు సంచి భుజం మార్చుకుని, "అక్కరలేని గొంతులు అన్నేళ్లు విన్నాను. అమ్మ గొంతు ఒక్కసారీ వినబడదేం అక్కా?" అన్నాడు.

నాకూ వినబడదురా అన్నాను. ఇద్దరం ఇంటిదారి పట్టాం.