సుజాత శనివారం

2024 జూన్. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసులో నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మాకు జీతమిచ్చేది ఆ కంపెనీ కాదు, శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకున్న మరో సంస్థ. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీని మేం క్లయింట్ అంటాం. క్లయింట్ నేలమీద కాఫీ ఒలికితే నా నెత్తిమీద ఒలికినట్టే. భీమవరం నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా కోపమొస్తే నాకు మా ఊరి యాసే వస్తుందని మా ఆడవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. వాళ్ళకి కోపమొస్తే నాకూ సగం అర్థం కాదు.

మా పనిలో శనివారం చాలా పెద్ద రోజు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి శని, ఆదివారాలు సెలవు కాబట్టి ఆఫీసు ఖాళీగా ఉంటుంది. అప్పుడే డీప్ క్లీనింగ్ చేస్తాం. అంటే రోజూ పైపైన తుడిచేది కాదు, కుర్చీలన్నీ పక్కకి లాగి, కార్పెట్‌కి షాంపూ పట్టించి, నేలంతా స్క్రబ్బర్ మెషీన్‌తో రుద్దడం. ఈ స్క్రబ్బర్ తిక్క గేదె లాంటిది, పట్టు తెలియని వాళ్ళు ముట్టుకుంటే మనిషినే లాక్కుపోతుంది. దాన్ని అలవోకగా నడిపే మనిషి మా దగ్గర ఒక్కతే, సుజాత.

సుజాతది ఔటర్ రింగ్ రోడ్డు దాటాక శంకర్‌పల్లి వైపు ఒక పల్లె. మా వాళ్ళలో చాలామంది అక్కడి వాళ్ళే, అందరూ ఒకే వ్యానులో వస్తారు. భర్త రెడీమిక్స్ కాంక్రీటు లారీ నడుపుతాడు. ఆయనకి ఆదివారం ఒక్కటే సెలవు. కూతురు కీర్తన రెండో తరగతి, కొడుకు నర్సరీ. ఆ నెలలోనే సుజాతని టీమ్ లీడర్‌ని చేద్దామని నేను పైవాళ్ళకి చెప్పి ఉన్నాను. చెప్పినప్పుడు ఆమె మొహం చూడాలి, వెలిగిపోయిందనుకోండి!

అలాంటి మనిషి ఒక సోమవారం నా ముందుకొచ్చి ఐడీ కార్డు బల్లమీద పెట్టింది.

"మేడం, ఇగ నేను పని బంద్ జేస్త."

"ఏం మాట్లాడుతున్నావే? మొన్నే కదా టీమ్ లీడర్ అన్నాను!"

"పిల్లగాండ్లను ఏడ ఇడిసిపెట్టాలె మేడం? మా ఊరి బడి ఈ ఏడు సంది ఐదు దినాలే అంట. శనివారం బంద్."

విషయమంతా మెల్లగా చెప్పింది. మొదటి శనివారం పక్కింటావిడ చూసింది. రెండోసారి ఆవిడ పొలం పనికి పోయింది. పిల్లలిద్దర్నీ ఇంట్లో ఉంచి బయట గొళ్ళెం పెట్టి వచ్చేసింది సుజాత. తమ్ముడికి ఆకలేస్తోందని కీర్తన స్టూలెక్కి స్టవ్వు వెలిగించి పాలు పెట్టిందట. ఏమీ కాలేదు, గిన్నె మాత్రం మాడి నల్లబడింది.

"ఏం గాలే మేడం. గానీ ఆ గిన్నె జూసినంక నాకు నిద్ర వడ్తలేదు."

కార్డు తీసి ఆమె మెడలో వేసి, "నువ్వెక్కడికీ పోవు, ఆ బడివాళ్ళ సంగతి నేను చూస్తాను" అన్నాను. నాకు నోరు ముందు, ఆలోచన వెనక.

మర్నాడు మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి ఇద్దరం ఆ ఊరెళ్ళాం. చిన్న ప్రైవేటు బడి, రేకుల షెడ్డు, గేటుకి మాత్రం కొత్త రంగు. బడి పెట్టినాయన్ని అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. పోట్లాడదామని పోయానా, ఆయన కుర్చీలేయించి చల్లటి మజ్జిగ ఇప్పించాడు. మజ్జిగ తాగాక ఎలా పోట్లాడతామండీ!

"మేడం, మీరు గూడ సాఫ్ట్‌వేరేనా?" అన్నాడు.

"కాదండీ, సాఫ్ట్‌వేర్ వాళ్ళ కాళ్ళకింద తుడిపించేదాన్ని."

ఆయన బాధ ఆయన చెప్పుకున్నాడు. చుట్టూ విల్లాలు లేస్తున్నాయి, ఆ పిల్లలు రాకపోతే బడి నడవదు, వాళ్ళ తల్లిదండ్రులు ఐదు రోజుల బడి అడుగుతున్నారు. అందుకని శనివారం తీసేసి, మిగతా రోజుల్లో గంట పెంచాడు. "శనివారం పిల్లలు అమ్మానాయినలతోని హాయిగ ఉండాలె గద మేడం" అన్నాడు.

అంతవరకు గోడకి ఆనుకుని నిలబడ్డ సుజాత ఒక్కడుగు ముందుకేసింది. "సార్, సాఫ్ట్‌వేరోళ్ళు శనివారం ఇంట్ల ఉంటరు గావట్టే మేము ఆఫీసుల ఉంటం. వాళ్ళ పిల్లలకు వాళ్ళమ్మ ఉంటది. మా పిల్లలకు గొళ్ళెం ఉంటది."

ఆయన తల వంచుకున్నాడు. ఎవరైనా టీచర్ని శనివారం కూర్చోబెట్టాలని తనూ ప్రయత్నించాడట, కానీ ఆ టీచర్లకీ చిన్నపిల్లలే. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. మంచివాడు కావడంతో ఏం చెయ్యాలో తోచలేదు.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం కావస్తుండగా నాలుగో అంతస్తు వాష్‌రూములు చెక్ చేస్తున్నాను. ముందురోజు సాయంత్రం పెట్టించిన టిష్యూ రోల్ పెట్టినట్టే ఉంది. చెత్తబుట్టల్లో చూద్దును కదా, ఒకదాంట్లో అరటితొక్క ఉంది, మిగతావి ఖాళీ. అయిదో అంతస్తూ అంతే. మంగళ, బుధ, గురువారాలు లిఫ్టు దగ్గర తోసుకునే జనం శుక్రవారం ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు. ఓసి నీ బుర్ర తగలెయ్య అనుకున్నాను. ఆఫీసు ఖాళీగా ఉండే రోజు మారి ఎన్నాళ్ళయిందో, నేను మాత్రం పాత రోస్టరే పట్టుకు వేలాడుతున్నాను. రోస్టర్ అంటే ఎవరు ఏ రోజు ఏ పని చెయ్యాలో రాసే పట్టిక, దాన్ని రాసేది నేనే మరి!

మా ఆడవాళ్ళని ఓ మాట అడిగి, పరుగున ఖాదర్ గారి గదికెళ్ళాను. క్లయింట్ తరఫున ఆఫీసు నిర్వహణంతా చూసేది ఆయనే, పాతబస్తీ మనిషి.

"శుక్రవారం డీప్ క్లీనింగా? మేడం, నన్నెందుకు పరేషాన్ చేస్తున్నరు? నేను నమాజుకు పోయొచ్చేసరికి నా ఆఫీసు చెరువైతే?"

"ఒక్కో అంతస్తే చేస్తామండీ. వచ్చే ఆ నలుగురూ రెండో అంతస్తులో కూర్చుంటే చాలు. చిన్నపిల్లలున్న తల్లులకి శనివారం సెలవిస్తాను, బడివాళ్ళలాగే మిగతా రోజుల్లో పని గంటలు సర్దుతాను. పిల్లలు పెద్దవాళ్ళయినవాళ్ళు శనివారం వచ్చి సోమవారం సెలవు తీసుకుంటామన్నారు."

సుజాత ఇంట్లో మాడిన గిన్నె సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క శుక్రవారం చూద్దాం. ఒక్క కంప్లయింట్ వచ్చిందంటే మల్ల శనివారమే. నా నౌకరీ గూడ చూస్కోవాలె గద."

అందరికీ మెయిల్ వెళ్ళింది. మరుసటి శుక్రవారం నాలుగో అంతస్తు సగం రుద్దాం, నేలంతా నురగ. లిఫ్టు తలుపు తెరుచుకుంది. బ్యాగు భుజాన వేసుకుని ఒక పెద్దమనిషి దిగి, నురగ మీద నుంచే కిటికీ పక్క సీటుకెళ్ళి కూర్చున్నాడు. ఆయన బల్లమీద ఒక మనీప్లాంట్.

"సార్, ఇవాళ రెండో అంతస్తులో..." అన్నాను.

"గోల ఉండదనే నేను శుక్రవారం వస్తానండీ. ఎక్కడికీ లేవను. ఖాదర్‌కి ఫోన్ చేస్తానుండండి."

సుజాత మెషీన్ ఆపేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"సార్, మీ మొక్కకు నీళ్ళెవరు పోస్తరు?"

"మొక్కకా? అదే బతుకుతుంది. గట్టి మొక్క."

"ఏ మొక్క దానంతటదే బతుకుతది సార్? శనివారం శనివారం నేనే పోస్త. ఈడ ఏసీ గాలి సక్కగ దీని మీదికే వస్తది, జూడుండ్రి, ఆకులు ఎట్ల ఎండినయో. రెండో అంతస్తుల తూర్పు కిటికి కాడ మంచి ఎండ. జర తీస్కపోయి ఆడ పెడ్దామా?"

ఆయన మొక్క వైపు చూశాడు, సుజాత వైపు చూశాడు. తర్వాత కుండీని తనే పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లిఫ్టులోకి నడిచాడు. వెనకాల ఆయన బ్యాగు పట్టుకుని నేను.

సాయంత్రం ఖాదర్ గారు నన్ను పిలిచారు. ఆ పెద్దమనిషి నుంచి మెయిల్ వచ్చిందన్నారు. ప్రతి శుక్రవారం ఆ తూర్పు కిటికీ సీటు తనకే కావాలట! "మేడం, ఇది కంప్లయింట్ కాదు, ఫర్మాయిష్. మనసుపడి అడుగుతున్నడు. ఇగ ఫికర్ చేయకుండ్రి" అని ఖాదర్ గారు పకపకా నవ్వారు.

అంతకుముందు రోస్టర్ వేసేటప్పుడు ఆఫీసు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఒక్కటే చూసేదాన్ని. ఎవరి ఇల్లు ఏ రోజు పెద్దదిక్కు లేకుండా ఉంటోందో కూడా అడగాలని సుజాత వల్ల నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరే ఎవరినైనా నేనడిగే మొదటి ప్రశ్న అదే.

డీప్ క్లీనింగ్ శుక్రవారానికి మారడంతో నాకూ శనివారం సెలవొచ్చింది. ఆ మొదటి శనివారం మియాపూర్‌లో మా ఇంట్లో నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పొద్దెక్కాక, స్క్రబ్బర్ తాళం ఎక్కడ పెట్టిందో అడుగుదామని టీమ్ లీడర్ గారికి ఫోన్ చేశాను. కీర్తన ఎత్తింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"అమ్మ పండుకుంది ఆంటీ. మేము లేపుతలేము."

"ఇంతసేపా?"

"ఆ. మా అమ్మకు ఇయ్యాల సెలవు. సాఫ్ట్‌వేరోళ్ళ లెక్క."

పక్కనుంచి తమ్ముడు ఏదో గట్టిగా అరిచాడు. "ష్... అమ్మ లేస్తది రా!" అని కసిరింది అక్క. తాళం సంగతి సోమవారం చూసుకోవచ్చులే అని నేనూ గుసగుసగానే చెప్పి ఫోన్ పెట్టేశాను.