ఈ నీలం ముక్క ఎవరిదండీ

శీతాకాల శిబిరం కోసం బడి వరండాలో చాపలు దులుపుతుంటే ఫోన్ మోగింది. టీచరుగారి తమ్ముడు. "అక్క పొద్దున్నే పోయిందమ్మా" అన్నారు. నేను ఫోన్ పెట్టేసి, దులిపిన చాపనే మళ్ళీ దులిపాను.

ఆవిడ నాకు ఎనిమిదో తరగతిలో హిందీ చెప్పారు. తర్వాత, మనుషులంతా ఒకటేననే బహాయి మతం ప్రార్థనలకు రమ్మని పిలిచారు. ఏటా డిసెంబరు సెలవుల్లో, రామచంద్రపురం దగ్గర మా ఊరి బడిలో మా బహాయిల శిబిరం నడిపించేది ఆవిడే. పొలాలున్నవాళ్ళు, వలలు లాగేవాళ్ళు, లేసు అల్లేవాళ్ళు వస్తారు. మగవాళ్ళంతా ఒక గదిలో, ఆడవాళ్ళంతా ఒక గదిలో కొత్త గడ్డి మీద చాపలు వేసుకుని పడుకోవాలి. నాకు తెలిసిన సమానత్వమంతా కరపత్రాల్లో చదివింది. "కులం పేరెత్తినవాళ్ళని గేటు బయటే ఆపెయ్యాలండి" అని, చేరిన కొత్తలో ఏర్పాట్ల సమావేశంలో బల్ల గుద్దాను. టీచరుగారు నా చేతిలో సూదీ దారం పెట్టారు.

"ఇది ఎక్కించమ్మా, నాకు కళ్ళు ఆనడం లేదు."

దారం కొస ఎన్నిసార్లు తడిపినా ఎక్కదు. "కోపం దిగాక ఎక్కుతుందిలే. నాకేం తొందర లేదు" అన్నారు.

ఆ సూది బొంతలు కుట్టడానికి. శిబిరంలో అందరూ కప్పుకునే బొంతలు ఆవిడ కుట్టినవే. ఎవరింట్లో మనిషి పోయినా వెళ్ళి, ఆ మనిషి కట్టి విడిచిన బట్ట ఒకటి బొంతలో కుట్టడానికి అడిగేవారు. మా వైపు పోయినవాళ్ళ బట్టలు ముట్టుకోవడానికే జంకుతారు. "కప్పుకుంటే కల్లోకొస్తారండీ" అని ఒకావిడ భయపడితే, "రానివ్వండి పాపం, చలికాలం కదా" అన్నారు.

ఆవిడది ఒకటే నియమం. నీ మనిషి బట్ట ఉన్న బొంత నీకివ్వరు, నువ్వెరగని ఊరివాళ్ళకిస్తారు. తెల్లవారాక వాళ్ళు దాన్ని భుజాన వేసుకుని, ఈ ముక్క ఎవరిదండీ అని అడుగుతూ తిరగాలి. నువ్వు కూర్చుని ఆ మనిషి గురించి చెప్పాలి.

మొదటి ఏడాది మా ఊరి పెద్దరైతు ఒకాయన గళ్ళ లుంగీ ముక్క పట్టుకుని తిరిగారు. నరసాపురం నుంచి వచ్చిన కుర్రాడు లేచాడు.

"మా నాన్నదండి. వల బాగుచేసేటప్పుడు కట్టేవాడు."

"కోపిష్టా?"

"తాగితేనండి. లేకపోతే మీకంటే నయం."

పెద్దాయన నవ్వేశారు. తన గ్లాసులో టీ సగం ఆ కుర్రాడి గ్లాసులోకి వంచారు. నా కరపత్రాలు సంచిలోనే ఉన్నాయి.

అయినా ఆ బొంతలంటే నాకు గుబులే. పడుకుంటే గదిలో వచ్చినవాళ్ళ కంటే ఎక్కువమంది ఉన్నట్టుండేది. ఎవరో దగ్గినట్టు, ఎవరో కాళ్ళు ముడుచుకుని నాకు చోటిచ్చినట్టు.

ఈసారి ఆవిడ చీర కోసం తమ్ముడిగారింటికి వెళ్ళాను. ఆయన మా విశ్వాసంలో లేరు. "అవన్నీ గోదాట్లో వదిలేస్తామమ్మా, మా ఆనవాయితీ" అన్నారు. వీధంతా వినేలా అరిచాను. తలుపు మూసేసుకున్నారు. ఇంటికొచ్చి సూదిలో దారం ఎక్కించబోతే, ఎక్కలేదు.

తర్వాత ఆయనే బడికి వచ్చారు, స్కూటరు ముందు సంచిలో నీలం నేతచీర పెట్టుకుని.

"బడికి ఎక్కువగా ఇదే కట్టేది. కప్పుకుంటే కల్లోకొస్తారంటారుగా?"

"ఏమోనండి."

"వస్తే నా సంగతే అడుగుతుంది, మందులేసుకున్నాడా అని. వేసుకుంటున్నాడని చెప్పమ్మా."

కొంగు మడతలో ఇంకా సుద్దముక్క పొడి ఉంది. ఉతికాను, ఒక బొంతలో నేనే కుట్టాను. శిబిరం మొదటి సాయంత్రం అందరికీ బొంతలు పంచుతూ, దాన్ని మాత్రం నా చాప మీద పెట్టుకున్నాను. నియమం ఆవిడదే కదా, ఆవిడే లేనప్పుడు ఎవరడుగుతారు అనుకున్నాను.

చివరగా మొగల్తూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. శిబిరానికి కొత్త, టీచరుగారిని ఎన్నడూ చూడలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇవ్వడానికి ఇంకో బొంత లేదు. నాది తీసిద్దామా, పక్కావిడతో సర్దుకోమందామా అని చూస్తున్నాను. వెనక ఎవరో నిలబడి సూది చాచినట్టనిపించింది. తిరిగి చూడలేదు. నీలం బొంత తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఉతికిందేనాండీ?"

"ఉతికిందే."

పక్కావిడ బొంతలోకి నేనే దూరాను. నిద్ర పట్టలేదు. అవతలి వరసలో ఆ నీలం పైకీ కిందకీ ఊపిరి తీస్తూ ఉంది.

తెల్లవారింది. కోసిన చేల మీద మంచు ఇంకా లేవలేదు. ఆ అమ్మాయి బొంత భుజాన వేసుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతోంది. "ఈ నీలం ముక్క ఎవరిదండీ?" అడిగినవాళ్ళంతా నా వైపు చూశారు. వచ్చి నా ముందు నిలబడింది. గంటలు గంటలు వాదించేదాన్ని, ఆ ముక్క చుట్టూ నా కుట్లు లెక్కపెట్టడం మొదలెట్టాను.

ఆ అమ్మాయి వరండా మెట్టు మీద కూర్చుంది. బొంత సగం ఒళ్ళో వేసుకుని, మిగతా సగం పక్కన పరిచి చేత్తో సర్దింది.

"కూర్చోండి" అంది. "మెల్లగా చెప్పండి, నాకేం తొందర లేదు."