ఎంతవరకు చదివారు బాబూ?

మా టీచరమ్మ పోయింది. పోయిన ఆదివారం తెల్లవారుతుండగా, ఖిదిర్‌పూర్‌లో తన ఇంట్లో, నిద్రలోనే. ఆ కబురు మా తెలుగు చదువరుల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను. ఆవిడ ఈ గ్రూపును ఎలా మొదలుపెట్టిందో, మనందరిచేత ఎన్ని పుస్తకాలు చదివించిందో ముందు రాసి, ఇక లేదన్న మాట చివర్లో రాశాను. పెట్టీ పెట్టగానే, గ్రూపులో పేరుమోసిన సమీక్షకుడు ఒకాయన పైకెత్తిన బొటనవేలు బొమ్మ పెట్టి, "సూపర్! కంగ్రాట్స్ మేడమ్!" అన్నాడు.

ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేశాను. ఆ బొటనవేలు కింద, ఆవిడ అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను: "ఎంతవరకు చదివారు బాబూ?"

టీచరమ్మ అంటే మా చర్చి సండే స్కూల్ టీచరు. మా తాత తెలుగు ఊరు వదిలి ఇక్కడి రేవులో పనికని వచ్చినప్పటినుంచీ మాది ఖిదిర్‌పూర్ పక్కనే ఉన్న వాట్‌గంజే. బెంగాలీ గోలలో పెరిగిన మా పిల్లమూకకు తెలుగు అక్షరాలు చెవి మెలేసి ఎక్కించింది ఆవిడే. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి మొబైల్ రిపేరు షాపులో కూర్చున్నాను. ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు. ఫోను బాగు చేయించుకునే వంకతో వచ్చి, బల్ల మీద ఓ నవల పడేసి పోయేది.

గ్రూపులో ఎవరు ఏ పుస్తకాన్ని తిట్టినా కింద ఆ ప్రశ్న పడేది. పొగిడినా పడేది. కోపం లేదు, వెటకారం లేదు, అన్నం తిన్నావా అన్నట్టే అడిగేది. తన సంగతీ దాచేది కాదు: "నేను సగం దాకానే చదివాను. సగం మాటే చెబుతాను" అని రాసేది. ఆ ప్రశ్నకు ఉడుక్కుని, ముసలావిడ పోలీసు డ్యూటీ చేస్తోందని గ్రూపు వదిలి పోయినవాళ్లున్నారు. నేనూ ఒకసారి వాదనకు దిగాను.

"నాలుగు పేజీలు సదివితే పుస్తకం సంగతి తెలీదేటి టీచరమ్మా?"

"తెలుస్తాదిరా. నాలుగు పేజీల సంగతి తెలుస్తాది. ఆ నాలుగింటి గురించే సెప్పు, ఎవులొద్దన్నారు?"

అభిప్రాయం రాసే ముందు ఆవిడ ఒక ప్లాస్టిక్ కుర్చీని తనకెదురుగా తిప్పి పెట్టుకునేది. తెలియక ఒకరోజు అందులో కూలబడ్డాను. "లెగు లెగు, అక్కడ ఆయన కూకున్నాడు" అంది. ఎవరని అడిగితే, "ఈ పుస్తకం రాసినాయన. మొకమ్మీద అనగలిగిందే రాస్తాను" అంది. అందుకే మెత్తగా రాసేదని ఇప్పుడు కొందరు మేధావులు సెలవిస్తున్నారు. అయ్యా, ఆ కుర్చీ వైపు చూసి ఆవిడ రాసిన మాట ఇది: "మీ నవలలో పెళ్లాం మొదటినుంచీ చివరిదాకా టీలు ఇస్తూనే ఉంది బాబూ, ఒక్కసారీ నోరు విప్పలేదు. మీరు విప్పనిచ్చారా?" ఇంత గట్టిగా ఏ మేధావి అడిగాడో చూపించండి. తిట్టు లేకుండా అడిగింది కాబట్టి మీకు వినపడలేదు, అంతే.

ఒకసారి నేను, అసలు లేనే లేని నవలకు పేరు పెట్టి, లేని రచయిత్రిని పుట్టించి, ఎలా ఉందని గ్రూపులో అడిగాను. మన బొటనవేలు పెద్దాయనే ముందు దూకాడు: "మొదటి సగం ఫర్వాలేదు. ముగింపు తేలిపోయింది." నేను షాపులో సంబరంతో చిందులేస్తుంటే టీచరమ్మ ఫోను.

"ఒరే, ఆ పుస్తకం నీ పనేనా?"

"మీకెలా తెలిసిందండీ?"

"ఇంత ఎదవ ఆలోచన ఇంకెవులికొస్తాది?" అని, దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత గొంతు మార్చింది. "నవ్వుకున్నాం గదా, ఇక తీసెయ్. ఆయనకి నువ్వే ఫోన్ సేసి సెప్పు. ఆయన పిల్లలు కూడా ఉన్నారు ఈ గ్రూపులో."

తీసేశాను. ఫోనూ చేశాను. "వేరే పుస్తకం అనుకున్నాలే" అన్నాడు పెద్దమనిషి. నాకు పశ్చాత్తాపమా? ఇప్పటికీ లేదు. ఆవిడ చెప్పింది కాబట్టి తీశాను.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలంగాణ కుర్రాడొకడు తన మొదటి నవలను టీచరమ్మకు ఇచ్చాడు. ఆవిడ సగంలో ఉండగా పోయింది. చర్చిలో సంతాప సభ అయ్యాక, అతనూ బొటనవేలు పెద్దాయనా కలిసి నా షాపుకొచ్చారు. రెండో ముద్రణకు అట్ట వెనక ఆవిడ మాట కావాలట.

"అన్నా, ఆమె మాట తీరు నీకు బాగ ఎరుక. రెండు ముక్కలు రాయి. ఆమె ఉంటే మంచిగనే రాస్తుండె గదా."

"లేని పుస్తకాన్నే పుట్టించినవాడివి," అన్నాడు పెద్దాయన, "రెండు వాక్యాలు పుట్టించలేవా?"

"పుట్టించగలను దాదా, టీ తాగేలోపు పుట్టిస్తా. కానీ ఆవిడ సగమే చదివింది."

కుర్రాడు తల దించుకున్నాడు. పెద్దాయన మాత్రం గ్రూపులో పంచాయితీ పెట్టాడు. పోయిన మనిషి పేరు మీద ఓ మంచి మాట రాస్తే నా సొమ్మేం పోయిందని అందరూ నన్ను కడిగేస్తున్నారు.

అందరికీ ఇదే నా జవాబు. పాస్టరుగారి గొంతు అనుకరించగలను, కరెంటాఫీసు బెంగాలీ దాదా గొంతూ అనుకరించగలను. ఆవిడ గొంతు అనుకరించను. చివరి పేజీ చూడందే చివరి మాట అనని మనిషి నోట్లో, ఆవిడ నోరు మూతపడ్డాక, చదవని పుస్తకానికి పొగడ్త కుక్కుతారా? నేనుండగా జరగదు. గ్రూపులోంచి తీసేస్తారా, తీసెయ్యండి. ఇంకో గ్రూపు పెడతాను, అక్కడా అదే ప్రశ్న అడుగుతాను. కుర్రాడికి మాత్రం ఒకటి చెప్పాను: "పుస్తకం నేను చదువుతాను తమ్ముడూ. నా పేరుతోనే రాస్తాను, బాగున్నా బాగోకున్నా."

మొన్న టీచరమ్మ కోడలు ఆ నవలను నా చేతికిచ్చింది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పడం ఆవిడ అలవాటు. ఆవిడ తిప్పినంతవరకు పేజీల మూలలు వంకర తిరిగి పైకి లేచాయి, తర్వాతవి కొత్తగా, బిగుసుకునే ఉన్నాయి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను, ఇంకా ఆవిడ ఆగిన చోటికి చేరలేదు. షాపు బల్ల మీద పెడితే పుస్తకం సరిగ్గా మూసుకోదు. ముందు సగం ఉబ్బి, వెనక సగం అణిగి, మధ్యలో ఆవిడ గుర్తుకు పెట్టుకున్న ఖిదిర్‌పూర్ మినీబస్సు టికెట్టు, ఫ్యాను గాలికి కొస ఆడిస్తూ.