ముక్కుపుడక తీసిన మధ్యాహ్నం

మా చెల్లెలి మనవరాలు కాకినాడలో నర్సు. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్న రోగులను, ఆ మధ్యలో ఏం చూశారో ఏం విన్నారో అడిగి తమ ఆసుపత్రిలో రాసుకుంటున్నారనీ, ఇన్నేళ్ళు నర్సుగా చేసి రోజూ డైరీ రాసిన నా దగ్గర అలాంటివి ఉండకపోవనీ మొన్న ఫోను చేసింది. చూసి చెబుతానన్నాను. నిజానికి చూడవలసిన పని లేదు. ఏ ఏడాది డైరీలో ఏ పేజీయో నాకు తెలుసు. ఆ పిల్లకి చెప్పేముందు నా ఈడువాళ్ళకి చెప్పుకోవాలనిపించింది. ఆనాటి ఆసుపత్రులు ఎలా ఉండేవో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

అప్పుడు నేను కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో ఉండేదాన్ని. వార్డు రిజిస్టరులో నాడికి, జ్వరానికి, ఇచ్చిన మందుకి గళ్ళు ఉండేవి గాని, రోగి చెప్పే మాటకు గడి ఉండేది కాదు. అవి నా డైరీలోకి వచ్చేవి. చనిపోయినవారి ఒంటిమీది నగలు తీసి, జాబితా రాసి, ఇంటివాళ్ళకి అప్పగించడం కూడా మా పనే. ఒళ్ళు బిగుసుకున్నాక ముక్కుపుడక మర ఊడదని, ముక్కు చీరుకుపోతుందని, ఉద్యోగంలో చేరిన వారంలోనే పెద్ద సిస్టరుగారు నేర్పారు. అందుకని ఇక ఆశ లేదనుకున్నవాళ్ళకి కాస్త ముందుగానే తీసేసేవాళ్ళం. అందరూ చేసేదే కనుక తప్పనిపించేది కాదు.

గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవలవాళ్ళ పల్లె నుంచి ఒకామె పురిటికి వచ్చింది. భర్త కువైట్‌లో, వెంట అత్తగారొక్కతే. కాన్పయిన మూడో రోజు మధ్యాహ్నం రక్తం కట్టలు తెంచుకుంది. డాక్టరుగారికి కబురంపి నాడి చూశాను, దొరకలేదు. ఊపిరి ఆడడం లేదు. వార్డులో పనిచేసే ఆయమ్మ సబ్బునీళ్ళ గిన్నె తెచ్చి, "ఇప్పుడే తీసెయ్యండమ్మా, తరవాత రాదండి" అని, వరండాలో బిడ్డతో కూర్చున్న అత్తగారికి కోడలు పోయిందని చెప్పేసింది. డాక్టరుగారు వచ్చేలోగా నేను చేయగలిగినవి చేయకుండా, బిగుసుకున్న మరను బలంగా తిప్పి లాగి, ముక్కుపుడకను దూదిలో చుట్టి జేబులో వేసుకున్నాను. ఆయన పరుగున వచ్చి ఛాతీ అదిమి, సూది వేసి, చాలాసేపటికి నాడి తెప్పించారు. ఆ సందడిలో దాన్ని మళ్ళీ పెట్టేశాను. నేనూ ఆయమ్మా తప్ప ఎవరూ చూడలేదు.

రెండు రోజులకు ఆమెకు మాట వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, పక్కన అత్తగారు వింటుండగానే చెప్పింది. "సిస్టరుగారండీ, సచ్చిపోయిన మా అమ్మ అవతలొడ్డున కూకుని రమ్మందండి. పడవలో ఓ కాలెట్టేనండి. ఈలోగా మీరు నా ముక్కుపుడక లాగేరు సూడండి, ఆ నొప్పికి ఎనక్కి తిరిగేనండి. లేపోతే ఎల్లిపోదునండి." సబ్బునీళ్ళు, దూది, నా ఎడమ జేబు, అన్నీ పొల్లుపోకుండా చెప్పింది. తప్పు పట్టడానికి కాదు, నాకు దణ్ణం పెట్టడానికి చెప్పింది ఆ మాట.

అత్తగారు బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది. "పోయినోళ్ళు తిరిగొత్తారాండీ? ఇది మా కోడలు కాదు, దాని ఒంట్లోకి ఇంకేదో దూరింది. మీరు సెప్పండి, ముక్కుపుడక తీసేరా? తీసేరంటే, అది ఇక్కడే ఉండి సూసిందని నమ్ముతాను. లేదంటే ఈ బిడ్డని దాని రొమ్ముకి ఇవ్వనండి."

బతికున్న మనిషి ముక్కుపుడక తీశానంటే విచారణ, ఉద్యోగానికి ఎసరు. అదొక్కటే కనిపించింది నాకు. అలాంటిదేమీ లేదమ్మా, రక్తం పోయినవాళ్ళు ఏవేవో అంటుంటారు అన్నాను. ఆయమ్మ తల వంచుకుని గుడ్డ పిండుతూ ఉండిపోయింది. ఆ తల్లి నా ముఖంలోకి చూసి, నా భయం కనిపెట్టినట్టు, "ఆయ్, కలే అయ్యుంటదండి" అంది. నన్ను కాపాడింది. తనను కాపాడుకోలేకపోయింది.

ఇంటికి పంపిన రోజున బిడ్డ అత్తగారి చంకలో వెళ్ళింది. తల్లి, పాలు చేపి జాకెట్టు తడిసిపోగా, అన్నగారి వెంట వేరే బస్సెక్కింది. రిజిస్టరులో "కోలుకున్నది" అని రాశాను. డైరీలో జరిగింది రాశాను. బిడ్డను ఆమెకు మరి ఇవ్వలేదని, అన్నగారింట రొయ్యలు ఒలుస్తూ బతికి నాలుగేళ్ళకే పోయిందని తరువాత ఆయమ్మ చెప్పింది. ఆ పల్లెకు బస్సులో గంటన్నర ప్రయాణం. ఆ నాలుగేళ్ళలో ఒక్క ఆదివారం వెళ్ళి అత్తగారికి నిజం చెప్పి రాగలిగేదాన్ని. వెళ్ళలేదు.

ఇప్పటి నర్సులు ఒంటిమీద స్పృహ లేని మనిషిని కూడా పేరు పెట్టి పిలిచి, సూది వేస్తున్నానండీ, కాస్త నొప్పండీ అని చెప్పి మరీ వేస్తారట. మా రోజుల్లో, స్పృహతో లేచి కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషికి కూడా నేను అవునని చెప్పలేకపోయాను.