లేని యాదగిరి మీద విచారణ

ఆ రోజుల్లో కథానాయకుడంటే ఆరడుగులు ఉండాలనీ, తల్లి ఉండకూడదనీ నాకు గట్టి నమ్మకం. ఆరడుగులు ఎందుకో చెప్పనక్కర్లేదు. తల్లి ఉంటే ఆవిడకు మాటలు రాయాలి, ఆవిడ చేత వంట చేయించాలి, ఆవిడ మోకాళ్ళ నొప్పులకు రెండు పేజీలు కేటాయించాలి. అనాథ అయితే ఆ గొడవ లేదు, పైగా పాఠకులు జాలిపడతారు. ఇలాంటి లెక్కలతో నేను మూడు కథలు రాస్తే మూడూ తిరుగుటపాలో క్షేమంగా ఇంటికి చేరాయి. అయినా నాకు బుద్ధి రాలేదు. రచయితలకు బుద్ధి ఆలస్యంగా వస్తుందని అప్పట్లో నన్ను నేనే ఓదార్చుకునేదాన్ని. (ఇప్పుడూ అదే మాట చెప్పుకుంటాను. రావాల్సింది ఇంకా దారిలోనే ఉంది.)

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మరుసటి ఏడాది మాట ఇది. అక్కడొక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మగా చేరాను. మాది కృష్ణా జిల్లా. అంత దూరం పంపడానికి నాన్నగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "ఒక్క ఏడాది ఉద్యోగం చేసుకో, నీ రాతలేవో రాసుకో. ఈలోగా రచయిత్రివి అనిపించుకుంటే సరే, లేకపోతే నోరు మూసుకుని ఇంటికొచ్చి నేను చూపించిన వాణ్ణి చేసుకో." ఏడాదిలో ఏడు నెలలు ఐపోయాయి. ఒక వారపత్రిక నవలికల పోటీ ప్రకటించింది. అదే నాకు చివరి బస్సు. పైలట్ ఆదిత్యను కథానాయకుడిగా పెట్టి పదకొండు పేజీలు రాశాను. పన్నెండో పేజీ దగ్గర అతగాడు మొండికేశాడు. పద అంటే కదలడు, మాట్లాడు అంటే మాట్లాడడు, కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డాడు. నెల రోజుల పాటు వాన కురిసింది, అతను చూస్తూనే ఉన్నాడు.

నేను కిరాయికున్న గది మేడ మీద. కింద ఇంటావిడ. నేను మొదట్లో "పిన్నిగారూ" అంటే, "గార్లు బూర్లు ఒద్దు, పెద్దమ్మా అను" అంది. వీధిలో అందరూ ఆవిణ్ణి సీఐడీ పెద్దమ్మ అనేవారు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పిల్లకు సంబంధం వచ్చినా, పిల్లవాడి మీద విచారణకు వెళ్ళేది ఆవిడే. పిల్లవాడి ఇంటికి వెళ్ళదు. అది కొత్తవాళ్ళు చేసే పని. వాళ్ళ వీధి చివర కిరాణా కొట్టుకు వెళుతుంది, క్షౌరశాల ముందు నీడ కోసమన్నట్టు కూర్చుంటుంది, ఊరి బస్సు కండక్టర్‌తో ముచ్చట పెడుతుంది. సాయంత్రానికి పిల్లవాడి జాతకం చేతిలో పెట్టుకుని తిరిగొస్తుంది. ఆవిడ తల అడ్డంగా ఊపితే రాజేంద్రనగర్ నుంచి జల్‌పల్లి దాకా ఆ సంబంధం ఇంక ఎవరూ ముట్టుకోరు.

ఒక సాయంత్రం నేను మేడ మీద పచార్లు చేస్తూ నాలో నేను గొణుక్కుంటున్నాను. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ నా వంక చూసింది.

"ఎవలు బిడ్డా వాడు?"

"ఎవరు?"

"నెల సంది నువ్వు ఎవలి గురించి పరేషాన్ అవుతున్నవో, వాడు."

"ఆదిత్య అని... పైలట్" అన్నాను. కథలో మనిషి అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా, దేవుడి మీద ఒట్టు. కానీ పెద్దమ్మ విచారణలో ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. వెంటనే రెండో ప్రశ్న వేసింది: "కోపమొస్తే ఏం జేస్తడు?"

నాకు ఆదిత్య కళ్ళ రంగు తెలుసు, గడియారం ఏ చేతికి పెట్టుకుంటాడో తెలుసు. కోపం వస్తే ఏం చేస్తాడో తెలియదు. అసలతనికి కోపం వస్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. గబగబా గదిలోకి పరిగెత్తి కాగితం ముందు కూర్చున్నాను. కోపం వస్తే అతను ఎవరితోనూ మాట్లాడకుండా బూట్లు తుడుస్తాడు, తుడిచినవే మళ్ళీ తుడుస్తాడు అని తట్టింది. చీకటి పడేలోగా నాలుగు పేజీలు! నెల రోజుల వాన వెలిసింది.

ఇక అక్కడి నుంచి నాకు ఆశ పుట్టింది. నిజం చెబితే పెద్దమ్మ ప్రశ్నలు ఆపేస్తుంది. ఆపేస్తే నవలిక ఆగిపోతుంది. అందుకని రోజూ బడి నుంచి రాగానే తగుదునమ్మా అని మెట్ల మీద ఆవిడ పక్కన చేరి గింజలు తీసేదాన్ని. ఆవిడ అడిగేది. నాకు తెలియనివి మర్నాటికి కనిపెట్టి చెప్పేదాన్ని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నా కోసమే పుట్టిందని అప్పుడు స్ఫురించలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆవిడ ప్రశ్నలకు నా కథ నిలబడేది కాదు. "వాణ్ణి ఎక్కడ కలిసినవ్?" అంటే రాజేంద్రనగర్ బస్టాపులో అన్నాను (నవలికలో నాయికా నాయకులు కలిసేది అక్కడే మరి). "విమానం నడిపేటోడు బస్సులకెందుకు ఏలాడుతడు?" అంది. నిజమే కదా అనిపించి ఆ రాత్రికి రాత్రే అతణ్ణి పైలట్ ఉద్యోగంలోంచి తీసేసి ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ని చేశాను. మర్నాడు ఆ సంగతి చెబితే పెద్దమ్మ చింతపండు పక్కన పెట్టింది. "నిన్న పైలటన్నడు, ఇయ్యాల ఆఫీసరంటున్నడా? దొరికిండు సూడు." "టిఫిన్ డబ్బా ఎవలు కడ్తరు?" అని అడిగితే, ఆలోచించి ఒక తల్లిని ఇచ్చాను. "మొన్న తల్లి లేదన్నడు గదా, ఇప్పుడెక్కడికెల్లొచ్చె?" ఆ తల్లి పక్క ఊళ్ళో జొన్నలు పండించే మనిషి కాబట్టి కొడుక్కి ఆదిత్య అని పెట్టి ఉండదని తోచి, ఎంతో నిజాయితీగా అతని పేరు యాదగిరి అని మార్చాను. పెద్దమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పేరు గూడ దొంగదేనా!"

నేను చిత్తుప్రతి దిద్దుకుంటున్నాననుకుంటే, ఆవిడ దృష్టిలో అవన్నీ ఒక దొంగ పెళ్ళికొడుకు రోజుకొకటిగా బయటపడుతున్న అబద్ధాలు. నేనెంత బాగా రాస్తే వాడంత మోసగాడయ్యేవాడు. "మంచివాడు పెద్దమ్మా, అసలు గట్టిగా మాట్లాడడు" అని వెనకేసుకొస్తే ఇంకా మండిపడేది. "గంత నిమ్మళంగ ఉన్నోడు ఏదో దాస్తుండు బిడ్డా. ఆ బూట్ల ముచ్చట జెప్పు. తుడిచినయే తుడుస్తడంటివి, మట్టి ఉంటదంటివి. ఆఫీసరు బూట్లకు అంత మట్టి ఎట్లంటుతది?"

వర్ణన బాగుంటుందని మట్టి పూసింది నేనే. ఎందుకు అంటుకుందో నాకేం తెలుసు? ముప్ఫై ఎనిమిదో పేజీ దగ్గర మళ్ళీ కలం ఆగిపోయింది. అతను ఏదో దాస్తున్నాడు, అది నిజం. ఏం దాస్తున్నాడో నాకు కూడా చెప్పడం లేదు. పోటీకి గడువు సోమవారం. గోరుచుట్టు మీద రోకటి పోటులా శుక్రవారం సాయంత్రం పెద్దమ్మ తీర్పు చెప్పేసింది. "ఆదివారం నేను ఎయిర్‌పోర్ట్ కాడికి పోయి విచారణ జేస్త. నువ్వు గూడ రా. వాడు కండ్లబడకుంటే మీ నాయినకు ఫోన్ జేస్త. నీ మంచికే బిడ్డా. ఒక్కదానివి ఉన్నవ్, నీకేమన్నయితే నేనేం జవాబు చెప్పాలె?" ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా గదిలోకి వెళ్ళిపోయాను.

ఆదివారం ఉద్యోగులు వచ్చిపోయే గేటు దగ్గర బస్సు దిగాం. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నేరుగా కాపలా కుర్రాడి దగ్గరకు నడిచింది. "తమ్మీ, యాదగిరి అనేటోడు గావాలె. సన్నగుంటడు, చామనఛాయ. మాట తక్కువ. డబ్బల జొన్నరొట్టె తెచ్చుకుంటడు. కోపమొస్తే బూట్లు తుడుస్తడు." నేను నెల రోజులుగా ఒక్కొక్కటే పోగుచేసిన మనిషిని ఆవిడ ఒక్క గుక్కలో నిలబెట్టేసింది. నా రాత మొదటిసారి వేరే వాళ్ళ నోటి నుంచి విన్నాను. ఎంత పిచ్చిదాన్నంటే, ఆ క్షణాన తలెత్తి గేటు వంక చూశాను, వస్తాడేమోనని.

"లోపల నలుగురు యాదగిరిలున్నరమ్మా, నీకు ఏ యాదగిరి గావాలె?" అన్నాడు కుర్రాడు.

"బూట్లకు మట్టుంటది."

"మట్టి బూట్ల యాదగిరా? గట్ల జెప్పు! డ్యూటీ దిగే టైమైంది, జర ఆగు."

పది నిమిషాలకు గేటులోంచి ఒక మనిషి వచ్చాడు. సన్నగా, చామనఛాయగా ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. నెరిసిన మీసం. యాభై ఐదేళ్ళుంటాయి. పెద్దమ్మ అతణ్ణి ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది, కొంగు బిగించింది. "నీ వయసేంది, ఈ పిల్ల వయసేంది! సిగ్గు లేదా నీకు? పైలటంటివి, ఆఫీసరంటివి..."

ఆయన బిక్కచచ్చిపోయాడు. "అక్కా, నాకు మనుమరాలున్నది. నేనెవలికి ఏం జెప్పిన?"

ఇంక ఆగలేకపోయాను. "పెద్దమ్మా, ఈయన కాదు! యాదగిరి అసలు లేడు! పోటీకి నవలిక రాస్తున్నాను, అందులో మనిషి. నేనే పుట్టించాను. నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ రాసుకుంటున్నాను" అని ఏడుపు గొంతుతో మొత్తం కక్కేశాను. కాపలా కుర్రాడు నోరు తెరిచి వింటున్నాడు.

తిడుతుందనుకున్నాను. పెద్దమ్మ నెమ్మదిగా గట్టు మీద కూర్చుంది. "లేడా?" అంది. మళ్ళీ, "వాని తల్లి గూడ లేదా?" అంది. ఆ గొంతు విని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎవరో పోయారని వాళ్ళింటికి కబురు తెచ్చినట్టుంది నా పరిస్థితి.

మా ఇద్దరి వాలకం చూసి ఇబ్బంది పడ్డది పాపం మట్టి బూట్ల యాదగిరే. ఏదో ఒకటి మాట్లాడాలని తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. "నేను పిట్టల్ని తోల్తక్కా. ఇమానాలకు అడ్డం రాకుండ పటాకులు గాలుస్తం. దినమంత గడ్డిలనే తిరుగుడు, గందుకే గీ మట్టి." ఆ నేలలో ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను ఉండేదట. చిన్నప్పుడు మంచె మీద కూర్చుని వడిసెలతో రాళ్ళు విసిరి అక్కడే పిట్టల్ని తోలాడట. "గప్పుడు నాయిన కొట్టి తోలుమంటుండె, ఇప్పుడు జీతమిచ్చి తోలుమంటున్నరు" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "మనుమరాలికి మాత్రం ఇమానాలకు తొవ్వ జూపెట్టే ఆఫీసర్నని చెప్పిన. అబద్ధం గాదు గదక్కా?" అన్నాడు.

నేను చేతిసంచిలోంచి కాగితం తీశాను. అదీ మా వాడు దాస్తున్నది! ముప్ఫై ఎనిమిది పేజీలుగా నాకు చెప్పకుండా దాచింది అదీ! "రాసుకోనా బాబాయ్?" అని అడిగితే, "రాసుకో బిడ్డా. గని నా మనుమరాలి కండ్లబడకుండ సూడు" అన్నాడు.

తిరుగు బస్సులో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను సంజాయిషీ వెతుక్కుంటున్నాను. ఊరు దగ్గర పడ్డాక అటు తిరిగే అడిగింది. "మరి నీ కథల యాదగిరి ఆ బస్టాపు పిల్లకు చెప్తడా, పిట్టల్ని తోలేటోణ్ణని?"

"చెప్తాడు పెద్దమ్మా. ఉత్తరం రాస్తాడు."

"ఉత్తరమేంది, నీ మొకం! నోరు లేనోడు ఉత్తరం రాస్తడా? ఆ పిల్లను గేటు కాడికి తీస్కపోయి తన బూట్లు జూపియ్యాలె. గంతే."

ఆ మధ్యాహ్నం మెట్ల మీదే కూర్చుని పొద్దు గూకే లోగా పన్నెండు పేజీలు రాశాను. పేజీ పూర్తవగానే పైకి చదవడం, ఆవిడ "ఊ" అనడం. "ఊ" రాని చోట కొట్టేసి మళ్ళీ రాయడం. జీవితంలో అంత హాయిగా నేనెప్పుడూ రాయలేదు. సోమవారం పొద్దున్నే పత్రిక ఆఫీసుకు స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చాను. రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. మొదటి బహుమతి! పెద్దమ్మ పత్రిక చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "మా యాదగిరి పడ్డడు పేపర్ల" అని చెప్పుకుంది.

పత్రిక వచ్చిన నాలుగో రోజు నాన్నగారు దిగారు. చేతిలో సంచీ, చంకలో గొడుగు, గుప్పిట్లో చుట్టచుట్టిన పత్రిక. అభినందనలు అనుకుని కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. "ముందు ఈ యాదగిరి ఎవరో చెప్పు" అన్నారు.

"కథలో మనిషి నాన్నా, ఊహించి రాశాను."

"ముప్ఫై ఏళ్ళు పంతులుగా చేశాను, నాకు కథలు చెబుతావా? కోపమొస్తే బూట్లు తుడవడం, రొట్టె అంచులు తల్లికి తెలియకుండా కుక్కకు వెయ్యడం... చూడకుండా ఇవన్నీ ఎవరైనా రాయగలరా?"

నన్ను కాపాడటానికి పెద్దమ్మ ముందుకొచ్చింది. "లేడన్నా, నా మీద ఒట్టు. నేనే సొంతంగ గేటు కాడికి పోయి విచారణ జేసొచ్చిన!"

నాన్నగారు ఆవిడ వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. "విచారణ దాకా వచ్చిందన్నమాట వ్యవహారం" అన్నారు.

రెండు రోజులున్నారు. సాయంత్రాలు కాసేపు నడిచొస్తానని వెళ్ళి ఉద్యోగుల బస్సు ఆగే చోట నిలబడేవారని తర్వాత తెలిసింది. వెళ్ళేటప్పుడు బస్సెక్కి, కిటికీలోంచి ఇటు చూడకుండానే అన్నారు: "ఇంకొన్నాళ్ళు ఉండు, రాసుకో. ఆ అబ్బాయి కనిపిస్తే మాత్రం దాచకు. బాగానే ఉన్నాడు." బస్సు కదిలింది. లేని మనిషి కోసం సిగ్గుతో ఎర్రబడి, నడిరోడ్డు మీద పత్రిక గుండెలకు హత్తుకుని నిలబడ్డ ఆ పంతులమ్మను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. నేను తెచ్చిన వాళ్ళలో నాన్నగారు మొదటి మాటకే ఒప్పుకున్నది యాదగిరి ఒక్కణ్ణే. (మా ఆయనకు ఆరు నెలలు పట్టింది.)