దుమ్ముతో ఉన్న ఫొటో

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో ఎర్రటి ఇనుపరాయి దుమ్ము పడని చొక్కా ఉండదు. స్టూడియో కూర్మారావు ఆ ఎరుపును ప్రతి ఫొటోలోనూ కంప్యూటర్లో తుడిచేస్తాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, కాలర్ మడత దాకా, ఎవరూ అడక్కుండానే తుడుస్తాడు.

ఆ మధ్యాహ్నం వరహాలమ్మ వచ్చింది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన ఆమె భర్త పోయి నెలయింది. అతని ఆఖరి ఫొటో ఎప్పుడు తీశారో పటం కింద రాయించాలని ఆమె కోరిక. కూర్మారావు అప్పట్లో తను తీసిన ఆ ఫొటోను కంప్యూటర్లో తెరిచాడు. ఫొటో వివరాల్లో తేదీ ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచాడు, సెట్టింగులన్నీ వెతికాడు. అయినా ఖాళీయే. అప్పుడు తట్టింది, అది తను దుమ్ము తుడిచి, సైజు తగ్గించి దాచిన కాపీ అని. అలా దాచినప్పుడే తేదీ కాస్తా ఎగిరిపోయింది. పాత సీడీలన్నీ తిరగేసి, కెమెరా నుంచి దించిన అసలు ఫొటో పట్టుకున్నాడు. గడిలో తేదీ కనబడింది: 2008 మార్చి 9. తెర మీద మనిషి భుజాల నిండా ఎర్రదుమ్ము.

“తేదీ దొరికింది పిన్నీ. ఒక్క నిమిషం, దుమ్ము తుడిచేసి ఇస్తాను,” అంటూ మౌస్ అందుకున్నాడు.

వరహాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

“ఉండనీ బాబూ. డ్యూటీ దిగొస్తే గుమ్మంలో నిలబెట్టి, ఆ సొక్కా రోజూ నానే దులిపీదాన్ని.”